బయటి నుంచి తోసిన అడ్డకర్ర

కోయిలకుంట్ల నుంచి పడమటికి పోయే మట్టిరోడ్డులో నాలుగో కిలోమీటరు రాయి దాటినాక ఒక వంక అడ్డం వస్తుంది. రౌతు వంక అంటారు. ఏడాదిలో పది రోజులు నీళ్ళు, మిగిలిన రోజులన్నీ ఇసుక... పొద్దు మునిగినాక ఆ ఇసుకలో ఎవరూ కాలు పెట్టరు.

నవాబుల కాలంలో ఒక రౌతు తెల్లారేలోగా యాడికో చేరాలని, వంక పొంగుతున్నా లెక్క చేయకుండా గుర్రాన్ని నీళ్ళలోకి దించినాడట. రౌతు ఈ గట్టున శవమై తేలినాడు. గుర్రం తేలలేదు. అప్పట్నుంచీ ఆయన ఇంకో గుర్రం కోసం వెతుక్కుంటూ తిరుగుతున్నాడని, రాత్రి పదకొండు దాటితే డెక్కల చప్పుడు వినిపిస్తుందని ఆ చుట్టుపక్కల పసిపిల్లను అడిగినా చెబుతుంది. గుర్రం లేని రౌతుకు డెక్కల చప్పుడు ఎక్కడిదని అడిగితే మాత్రం పెద్దవాళ్ళు కోప్పడతారు.

పాలవ్యాను డ్రైవరు ఒకడు ఆ చప్పుడు విని వారం రోజులు మాట పడిపోయి మంచంలో ఉన్నాడు. ఇన్సూరెన్సు ఏజెంటు ఒకాయన వంక దాటుతూ వెనక్కి తిరిగి చూసినాడు. మూడు రోజులు జ్వరం. నాలుగో రోజు లేచి తన పేరు మీదే ఒక పాలసీ రాసుకున్నాడు.

అలాంటి వంక పక్కకు హర్షవర్ధన్ గుర్రాలు తెచ్చి పెట్టినాడు.

హర్షవర్ధన్‌ది అక్కడ పెద్ద రైతుల కుటుంబం. తాను కర్నూలులో ఉండి రోడ్ల కాంట్రాక్టులు చేస్తాడు. కూతురు గుర్రపు స్వారీ నేర్చుకుందని రాజస్థాన్ నుంచి మూడు గుర్రాలు లారీలో తెప్పించినాడు. వంక గట్టున ఖాళీగా పడి ఉన్న ఆరెకరాల బీడు వాటికి ఇచ్చినాడు.

"రౌతుకు ఒక్క గుర్రం దొరక్క ఇన్నేండ్లూ తిరుగుతాండాడు. ఈయప్ప మూడు తెచ్చి ముందర పెట్టినాడు," అన్నారు ఊర్లో.

ఆ బీడుకు కంచె వేసే పని పెద్ద ఈరన్నకు వచ్చింది.

ఈరన్నది కోసిగి పక్క పల్లె. పని ఎక్కడుంటే అక్కడికి పోతాడు, భార్య రమణి తోడుగా వస్తుంది. ఆయన గుంత తవ్వితే ఆమె రాయి నిలబెడుతుంది. తాము పాతిన రాతి కూసాలన్నీ ఒక్క వరసలో పెడితే కర్నూలు నుంచి కడప దాకా వస్తాయని రమణి లెక్క. ఈరన్న అంత రాదంటాడు. మైదుకూరు దాకా వస్తాయని ఒప్పుకుంటాడు.

అయితే ఈసారి రాయి కాదు, కర్ర.

"రాయి వద్దు, ముళ్ళతీగ అసలే వద్దు," అన్నాడు హర్షవర్ధన్, ఫోనులో ఏదో వీడియో చూపిస్తూ. "గుర్రం బెదిరి పరుగెత్తిందనుకో, ముళ్ళతీగ దాని కంటికి ఆనదు. పోయి తొడ చీల్చుకుంటాది. లావుపాటి కర్ర అయితే దూరం నుంచే కనపడతాది."

ఈరన్న ఆ వీడియో రెండుసార్లు చూసినాడు. పచ్చగడ్డి, తెల్లరంగు కంచె, పక్కన పొగమంచు. "కంచె ఏస్తా గానీ, ఆ మంచు నా చేత కాదప్పా," అన్నాడు.

తుమ్మమొద్దులు కోయించి ఏడున్నర అడుగుల గుంజలు చేసినారు. భూమిలోకి పోయే భాగాన్ని మంటలో నల్లగా కాల్చి, పైన తారు పూసినారు, చెదలు పట్టకుండా. ఎనిమిది అడుగులకొక గుంత, మూడడుగుల లోతు. నల్లరేగడి నమ్మదగిన నేల కాదు. వానకు ఉబ్బుతుంది, ఎండకు నోరు తెరుస్తుంది, నిలబెట్టినదాన్ని పక్కకు వాల్చేస్తుంది. అందుకని గుంజ చుట్టూ గరుసు పోసి, గడారితో, అంటే ఇనుప గునపంతో, కుమ్మి కుమ్మి బిగించినారు. గుంజకూ గుంజకూ నడుమ మూడు వరసల జామాయిలు అడ్డకర్రలు.

ఆ అడ్డకర్రలను లోపలి పక్క కొట్టాలి. అంటే గుర్రాలు ఉండే పక్క. గుర్రం వీపు గోక్కోవడానికో, అవతలి గడ్డి కోసమో కంచె మీద బరువు వేస్తుంది. కర్ర లోపలి పక్క ఉంటే ఆ బరువుకు గుంజను ఇంకా గట్టిగా హత్తుకుంటుంది. బయటి పక్క కొడితే నాలుగు రోజుల్లో మేకులు ఊడి కర్ర కింద పడుతుంది. ఇది వీడియోలో చెప్పలేదు. ఈరన్నకే తెలుసు.

ముందు ఎకరం మేర, రేకుల షెడ్డు చుట్టూ కంచె పూర్తి చేసినారు. పన్నెండో రోజు సాయంత్రం గుర్రాలను లోపలికి వదిలినారు. మిగిలిన ఐదెకరాలు తర్వాత.

పదమూడో రోజు పొద్దున వచ్చి చూస్తే వంక వైపు ఒక అడ్డకర్ర కింద పడి ఉంది. పై వరస కర్ర. విరగలేదు. ఆరంగుళాల మేకులు నాలుగూ కర్రతోపాటే ఊడివచ్చినాయి. గుర్రాలు మూడూ ఆ సందు దగ్గర పక్కపక్కన నిలబడి వంక వైపే చూస్తున్నాయి.

మేకులు సరిగ్గా దిగలేదేమో అనుకున్నాడు ఈరన్న. ఇంకో రెండు ఎక్కువ కొట్టినాడు.

మర్నాడు పై కర్ర, నడిమి కర్ర — రెండూ పడినాయి. గుర్రాలు అక్కడే. అదే చూపు.

ఈరన్న సుత్తి తీసుకుని వంగినాడు. రమణి మాత్రం కదలకుండా నిలబడింది.

"ఏమయ్యా... కర్రలు యా పక్క పడిండాయో సూడు."

చూసినాడు. లోపలి పక్క పడినాయి.

ఈరన్న సుత్తి కింద పెట్టినాడు. లోపలికి పోయి, పక్కనున్న బాగున్న కర్రకు భుజం ఆనించి బలంగా తోసినాడు. కదల్లేదు. కంచె దూరి బయటికి వచ్చి, అదే కర్రను అవతలి నుంచి తోసినాడు. మేకు కిర్రుమంది.

లోపలి గుర్రాలు మూడూ కలిసి తోసినా ఆ కర్ర ఊడదు. ఊడిందంటే... తోసినది బయట ఉంది.

"పందులేమో," అన్నాడు ఈరన్న.

"నాలుగున్నర అడుగుల ఎత్తులో ఉండాది కర్ర. పంది నిచ్చెన ఏసుకోని వచ్చిందా?" అంది రమణి.

నేల మీద డెక్కల జాడలు లేకపోలేదు. కానీ కంచె వేయకముందు గుర్రాలను కట్టేసింది అక్కడే. ఆ జాడలు ఏ సంగతీ తేల్చవు.

రాత్రి కావలి ఉండే అయ్యన్నను అడిగినారు. ముసలాయన. మోటారు గదిలో పడుకుంటాడు.

"రాత్రిపూట ఏమన్నా సప్పుడు ఇనపడతాదా అయ్యన్నా?"

"ఇనపడతాదే. డెక్కల సప్పుడు. పదకొండు గంటలప్పుడు."

"యా రోజు?"

"రోజూ."

"మరి చెప్పల్యా?"

"మీరు అడగల్యా," అన్నాడు అయ్యన్న. "సప్పుడు ఇనపడంగానే నేను ముసుగు తన్నుకుంటా. ముసుగు లోపలికి అది రాదు."

ఈరన్న ఆ రోజు కర్రలకు మేకులు కొట్టడమే కాకుండా, గుంజకు ఇనుప తీగ మూడు చుట్లు తిప్పి బిగించినాడు. ఇంక ఊడదు అనుకున్నాడు.

ఊడలేదు. పొద్దునకు గుంజే లోపలికి వాలింది.

మూడడుగుల లోతు పాతి, గరుసు కుమ్మిన గుంజ. చుట్టూ నేల పెచ్చులు లేచి ఉంది. ఈరన్న గొంతుక్కూర్చుని ఆ గుంత వైపు శానాసేపు చూసినాడు. ఆయన పాతిన రాయి గానీ కర్ర గానీ ఇంతవరకూ వాలింది లేదు. ఏ ఊర్లోనూ ఎవరూ ఆయనకు పని రాదని అనలేదు. ఇప్పుడంటారు.

అనేవాడు ఆ సాయంత్రమే వచ్చినాడు.

"ఏం ఈరన్నా, నీకు కర్రపని రాదని ముందే చెప్పింటే కర్నూలు నుంచి ఎవరినన్నా పిలిపిస్తాంటి గదా," అన్నాడు హర్షవర్ధన్.

"పనిలో లోపం ల్యాదప్పా. బయటి నుంచి ఏదో తోస్తాండాది."

"ఏది?"

ఈరన్న చెప్పేలోగానే పక్కనున్న అయ్యన్న చెప్పేసినాడు. "రౌతు."

హర్షవర్ధన్ నవ్వలేదు, కోప్పడలేదు. కాంట్రాక్టులు చేసేవాడు కాబట్టి ఏది చెప్పినా దానికొక ఏర్పాటు ఆలోచిస్తాడు. "సరే. రేపు పొద్దున ఎలక్ట్రీషియన్‌ని పంపిస్తా. బయటి పక్క తీగ లాగి లైను కరెంటు ఇచ్చేద్దాం. పందో రౌతో, అదే తేలిపోతాది."

"మనిషి అయితే?"

"మనిషికి నడిరాత్రి నా కంచె దగ్గర ఏం పని?"

 రాత్రి అన్నం దగ్గర ఈరన్నకు పాత సంగతి ఒకటి గుర్తొచ్చింది. రెండేళ్ళ కిందట ఒక ఊర్లో ఒకరి చేనికి తానే కూసాలు పాతినాడు. ఆ చేని ఆసామి తర్వాత పందులకని ఆ కూసాలకే తీగ లాగి కరెంటు పెట్టుకున్నాడు. పక్క చేను రైతు మోటారు వేయడానికి పోతూ దాన్ని తగిలినాడు. ఈరన్న చూడడానికి పోయేసరికి మనిషిని తీసుకుపోయినారు. ఒక చెప్పు మాత్రం కూసం పక్కన ఉంది. తాను పాతిన కూసం.

"ఈ రాత్రి నేను ఆడ కాపలా కూచుంటా," అన్నాడు.

"ఒక్కనివే?"

"ఒక్కన్నే."

"అది వచ్చేలోపలే నువ్వు పారిపోతావు," అంది రమణి. "నేనూ వస్తా."

ఆ రాత్రి చంద్రుడు లేడు. పగలంతా కాలిన నేల ఇంకా సెగ వదులుతోంది. ఇద్దరూ మిగిలిన గుంజల కుప్ప వెనక కూర్చున్నారు. ఈరన్న ఒడిలో గడారి. చేతిలో ఇనుము ఉంటే దెయ్యం దగ్గరికి రాదని వాళ్ళ నాయన చెప్పినాడు. రమణి చేతిలో టార్చిలైటు. మోటారు గదిలో అయ్యన్న తొమ్మిదికే ముసుగు తన్నినాడు.

పది అయింది. పదిన్నర.

"నిద్ర వస్తాండాదా?" రమణి గుసగుసగా అడిగింది.

"ల్యా."

"మరి కండ్లు మూసుకున్యావే?"

"తెరిస్తే ఏమన్నా కనపడతాదని."

ఊరి వైపు ఒక కుక్క మొరిగి, మధ్యలోనే ఆపేసింది. ఆ తర్వాత చప్పుడనేది లేదు. గుర్రాలు గడ్డి నమిలే చప్పుడు మాత్రం... కరకర... కరకర...

అదీ ఆగింది.

మూడు గుర్రాలూ ఒక్కసారిగా తలలెత్తినాయి.

వంకలో — దూరంగా — ఒక అడుగు.

ఇసుకలో పడ్డ అడుగు. మెత్తగా. ఇంకొకటి. ఆగింది. మళ్ళీ ఒకటి... మనిషి నడక కాదు అది. రెండు కాళ్ళ నడకకు అంత లెక్క ఉండదు. గట్టు ఎక్కుతున్నట్టు రాళ్ళు దొర్లినాయి. తర్వాత గట్టినేల మీద — టక్... టక్... టక్...

లోపలి గుర్రాలు కదిలినాయి. బెదిరి పారిపోతాయనుకున్నాడు ఈరన్న. పారిపోలేదు. నిదానంగా నడిచి, వంక వైపు కంచె దగ్గరికి వచ్చి, రోజూ పొద్దున నిలబడే చోటే వరసగా నిలబడినాయి. వచ్చే చుట్టం కోసం వాకిట్లో నిలబడినట్టు.

"అవి భయపడల్యా... సూడు," అంది రమణి.

"వాటికి కథ తెల్దు గదా," అన్నాడు ఈరన్న.

టక్... టక్...

ఆగింది. కంచెకు అవతల, పది అడుగుల దూరంలో. అక్కడ చీకటి మిగతా చీకటి కంటే కొంచెం తెల్లగా ఉంది. ఒక ఊపిరి వినిపించింది. పెద్ద ఊపిరి — కొలిమి తిత్తి లాంటిది.

కిర్ర్ర్...

పై కర్ర మేకు. బరువు పడుతోంది.

ఏదో ఒకటి మాట్లాడకపోతే తన గుండె ఆగిపోతుందని ఈరన్నకు అర్థమైంది. చేతులు జోడించినాడు. గుసగుసగా అన్నాడు — "రౌతు సామీ... నీతో మాకేం తగువు ల్యా. రేపు ఈడ కరెంటు పెడతాండారు. నీకు కరెంటు తగుల్తాదో ల్యాదో నాకు తెల్దు. తగిలేదయితే మాత్రం... రేపట్నుంచి రావొద్దు సామీ. ఆ మాట చెప్పనీకే వచ్చినా."

కిర్ర్ర్... టప్పున ఒక మేకు ఊడి పడింది.

రమణి టార్చి వేసింది.

మనిషి తల కంటే ఎత్తున, చీకట్లో, ఒకే ఒక్క కన్ను వెలిగింది. పచ్చగా.

రెండో కన్ను లేదు.

ఈరన్న గడారి వదిలేసినాడు. చేతిలో ఇనుముంటే దెయ్యం రాదన్న మాట నిజమో కాదో తేలే అవకాశం అట్లా పోయింది. లేచి పరుగెత్తాలనుకున్నాడు గానీ కాళ్ళకు ఆ సంగతి అందలేదు.

టార్చి వెలుగు కొంచెం కిందికి దిగింది. పొడుగాటి తెల్లటి ముఖం. ఎముకలు తేలిన మెడ. కంచెకు ఆనించిన రొమ్ము.

"అయ్యో... ఇది ఆడగుర్రమయ్యా," అంది రమణి.

ముసలి తెల్లగుర్రం. పక్కటెముకలు లెక్కపెట్టొచ్చు. ఎడమ కన్ను మూసుకుపోయి తెల్లమచ్చగా ఉంది. దానికి వీళ్ళిద్దరూ పట్టలేదు, టార్చీ పట్టలేదు. రొమ్ము కర్రకు ఆనించి, మెడ ఎంత సాగితే అంత లోపలికి సాచింది. లోపలున్న నల్లగుర్రం తన మెడ తెచ్చి దాని మెడ మీద వేసింది. రెండూ అట్లా నిలబడిపోయినాయి. ముసలిది ఉన్న ఒక్క కన్ను మూసుకుని ఇంకా కొంచెం ఆనుకుంది. మేకు కిర్రుమంది.

మూడు రాత్రులు కంచెను తోసింది ఇదీ.

ఈరన్నకు నవ్వు రావాలి. రాలేదు. "ఒంటిదయి పోయిండాది," అన్నాడు.

రమణి టార్చి ఆర్పేసింది. "సూస్తా కూచుంటావా? కర్రలు తీయి."

మూడు రోజులుగా ఊడకుండా చూసుకున్న కర్రలను ఈరన్న తన గడారితోనే పెకలించినాడు. పైది, నడిమిది, కిందిది. గుర్రం ఒక్కొక్క కాలే ఎత్తి లోపలికి వచ్చింది. ముందు నీళ్ళ తొట్టి దగ్గరికి పోయి, మధ్యమధ్య ఆగి ఊపిరి తీసుకుంటూ శానాసేపు తాగింది. రమణి జొన్నచొప్ప తెచ్చి వేసింది. తిన్నది. తిని, అక్కడే లద్దె వేసింది.

ఇద్దరూ టార్చి వెలుతురులో కర్రలు మళ్ళీ బిగించి, ఆ రాత్రికి గుంజల కుప్ప పక్కనే ఒరిగినారు. ఈరన్నకు అంత నిద్ర ఎప్పుడూ పట్టలేదు.

పొద్దున హర్షవర్ధన్ ఎలక్ట్రీషియన్‌తో, తీగచుట్టతో వచ్చినాడు. కంచె చూసినాడు. ఎక్కడి కర్ర అక్కడే ఉంది. లోపలికి చూసినాడు. ఒకసారి లెక్క పెట్టినాడు. మళ్ళీ లెక్క పెట్టినాడు.

"ఈ నాలుగోది యాడిది?"

"కంచె తోసింది ఇదేనప్పా. తోడు కావాలని వస్తాండాది. లోపలికి తోలినాం. ఇంక కర్ర పడదు."

హర్షవర్ధన్ దాన్ని, దాని ఎముకలను చూసినాడు. తర్వాత ఎలక్ట్రీషియన్ వైపు తిరిగి, "టీ తాగి పోప్పా," అన్నాడు.

అయ్యన్న ముసుగు తీసి, కళ్ళు నులుముకుంటూ వచ్చినాడు. గుర్రాన్ని చూసినాడు.

"ఇది హెన్రీది గదా!"

హెన్రీ అంటే కోయిలకుంట్లలో బ్యాండుమేళం నడిపేవాడు. మేళంతోపాటు పెండ్లికొడుకు ఊరేగడానికి ఒక తెల్లగుర్రం కూడా ఇస్తాడు. పేరు చాందిని. "ఈ మండలంలో సగం మంది పెండ్లికొడుకులు దీని మీదే ఊరేగినారు. మా అల్లుడు గూడా. కింద గూడా పడినాడు," అన్నాడు అయ్యన్న.

"మేపల్యాక ఇడిసిపెట్టింటాడు," అంది రమణి, పళ్ళు కొరుకుతూ. "రమ్మను ఆయన్ను. నేను అడుగుతా."

అయ్యన్న ఫోను చేసి, అందరికీ వినపడేట్టు పెట్టినాడు.

"హెన్రీ, నీ గుర్రం ఈడుండాదప్పా. రౌతు వంక కాడ."

అవతల ఏమీ వినపడలేదు.

"యా గుర్రం?" అన్నాడు హెన్రీ చివరికి.

"నీకెన్ని గుర్రాలుండాయప్పా? తెల్లది. చాందిని."

ఫోను పెట్టేసినాడు.

అరగంటలో మోపెడ్ వేసుకుని వచ్చినాడు. నలభై ఐదేళ్ళ మనిషి, సన్నగా ఉన్నాడు. బండి రోడ్డు మీదే ఆపినాడు. గేటు దాకా రాలేదు. గుర్రం షెడ్డు వెనక నీడలో ఉంది, ఆయనకు కనపడదు.

"ఎడమ కన్ను?" అని అక్కడినుంచే అడిగినాడు.

"పోయిండాది," అన్నాడు ఈరన్న.

"టపాకాయ తగిలి పోయింది, ఒక పెండ్లిలో... కుడి చెవి కొస?"

"తెగిండాది."

హెన్రీ రోడ్డు పక్కన కూలబడినాడు. రమణి గేటు తీసుకుని బయటికి పోయింది. ఈరన్న వెనకాలే పోయినాడు, ఎందుకైనా మంచిదని.

"ఏమప్పా, ఇన్నేండ్లు దాని మీద బతికి, కన్ను పోతే ఇడిసిపెడతావా? రాత్రి దాన్ని చూసినోళ్ళం మేము. తోడు కోసం కంచెకు రొమ్ము రాసుకుంటాంది."

"నేను ఇడిసిపెట్టల్యా అక్కా." హెన్రీ తల ఎత్తలేదు. "పోయిన వానల్లో చచ్చిపోయింది అది. కడుపు ఉబ్బి, రెండు రోజులు పొర్లి... నేనూ మా తమ్ముడూ మా చేతుల్తో పూడ్చినాం."

అయ్యన్న రెండడుగులు వెనక్కి వేసినాడు.

"అబద్ధం," అంది రమణి. కానీ ఇంతకుముందున్నంత గట్టిగా అనలేదు.

"ఇడిసిపెట్టింటే నీ కాళ్ళ మీద పడి ఒప్పుకుంటాంటి అక్కా. ఇడిసిపెట్టింటే ఎంత బాగుండు..." చేతులు చూసుకున్నాడు. "రాండి. సూపిస్తా."

హర్షవర్ధన్ కూడా వచ్చినాడు. ఈరన్న ఏ పనికి పోతున్నానో తెలియకుండానే గడారి భుజాన వేసుకున్నాడు. అలవాటు. వంకలోకి దిగి వంద గజాలు నడిచినారు. గట్టు మలుపులో ఎత్తుగా ఇసుక మేట ఉంది. దాని మీద పొడుగ్గా దిబ్బ — గుర్రమంత పొడుగు. చివర ఒక నాపరాయి నిలబెట్టి ఉంది. రాయి మీద ఎర్రరంగుతో 'చాందిని' అని అక్షరాలు. దిబ్బ మీద తీగగడ్డి అల్లుకుని, ఆరేడు నెలలుగా ఎవరూ కదపనట్టు ఉంది.

"రాయి నిలబెడితే లోపల గుర్రముండాదనా?" అంది రమణి. "ఊరికి చచ్చిందని చెప్పనీకే, ఎవరన్నా నిలబెట్టొచ్చు రాయి." అని ఈరన్న వైపు తిరిగింది. "నువ్వు చెప్పు. నీళ్ళు తాగింది, చొప్ప తినింది. లద్దె ఏసింది. లద్దె ఏసే దెయ్యం యాడన్నా ఉంటాదా?"

"ఉండదు," అన్నాడు ఈరన్న. ఆయనకు తెలిసినంతవరకూ ఉండదు.

హెన్రీ ఆ దిబ్బ వైపే చూస్తున్నాడు. అబద్ధం చెప్పినవాడి ముఖమా అది, నిజం చెప్పినవాడి ముఖమా అని ఈరన్న శానా పరీక్షగా చూసినాడు. మనుషుల ముఖాలు చదవడం ఆయన పని కాదు. ఏమీ తేలలేదు.

"దీనికింత మాటలెందుకు?" అన్నాడు హర్షవర్ధన్. "ఎముకలుంటే ఉంటాయి. ల్యాకుంటే ఈయప్ప ఇడిసిపెట్టినట్టే. తవ్వు ఈరన్నా."

అప్పుడే కంచె వైపు నుంచి గుర్రం సకిలించింది. ముసలిది. బొంగురుగా, సాగదీసి.

హెన్రీ చటుక్కున తల తిప్పినాడు. "వస్తాండా... వస్తాండాలే," అన్నాడు, ఏళ్ళ తరబడి రోజూ అన్న మాటలాగా. అని, ఎవరినీ చూడకుండా, ఆ దిబ్బను చుట్టుకుని గట్టెక్కి కంచె వైపు నడిచినాడు. మొదట నడక. గట్టు మీదికి పోయినాక పరుగు.

ముగ్గురు దిబ్బ దగ్గర మిగిలినారు. అయ్యన్న రాలేదు, రోడ్డు మీదే ఆగిపోయినాడు. గాలికి తీగగడ్డి కొంచెం కదిలింది.

"తవ్వు," అన్నాడు హర్షవర్ధన్ మళ్ళీ. ఈసారి గొంతు తగ్గించి అన్నాడు.

ఈరన్న గడారి దించినాడు. కొనను దిబ్బ మీద ఆనించినాడు. కొంచెం నొక్కినాడు. ఆగినాడు. రమణి వైపు చూసినాడు. రమణి కంచె వైపు చూస్తోంది.

గడారి తీసి మళ్ళీ భుజాన వేసుకున్నాడు.

"దిగదప్పా," అన్నాడు. "శానా గట్టినేల."

అది ఇసుక.

హర్షవర్ధన్ ఆ ఇసుకను ఒకసారి చూసినాడు. తన బూట్లను చూసుకున్నాడు. చీలమండల దాకా దిగిపోయి ఉన్నాయి.

"అవునవును," అన్నాడు. "గట్టినేలే."